నా దద్దుర్లు, మా ఉద్దానం కిడ్నీలు

నాకు దద్దుర్లు మొదలైంది జీడి పిక్కలు రాలే కాలంలో. అందుకే మా ఇంట్లో మొదట ఎవరూ వాటిని దద్దుర్లు అనుకోలేదు. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. ఈ పక్కనంతా ఉద్దానం అంటారు, జీడి, కొబ్బరి తోటల ప్రాంతం, కారణం తెలియకుండా ఎంతోమందికి కిడ్నీలు పోతున్న ప్రాంతం. ఇక్కడ పుట్టినవాళ్లకి జీడి సొన సంగతి వేరే చెప్పక్కర్లేదు. పిక్క పెంకులోని ఆ నూనె తగిలితే చర్మం కాలి పొక్కులు లేస్తాయి, మానాక మచ్చ పడుతుంది. మా అత్తయ్య నా చేతులు చూసి, "ఏటమ్మా ఇది, తోటలోకి గాని వెళ్లావేటి? సొన తగిలినట్టుంది" అంది. నేను బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని, ఆ ఏడాది తోటలో అడుగే పెట్టలేదు. పైగా సొన పొక్కు లేచినచోటే రోజుల తరబడి ఉంటుంది. నావి అలా ఉండేవి కావు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మోచేతి లోపలివైపు చిన్న దద్దుతో మొదలయ్యేది. గోకితే పావుగంటలో రూపాయి బిళ్లంత అయ్యేది. కాసేపటికి పక్కపక్కవి కలిసిపోయి అరచేయి వెడల్పున ఉబ్బేవి. మధ్యలో తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు, ముట్టుకుంటే వేడి. అర్ధరాత్రికి తొడలు, నడుము, చీర బొందు బిగిసిన చోటంతా. తెల్లారి బడికి వెళ్లేసరికి ఎవరికైనా చూపిద్దామన్నా ఒక్కటీ మిగిలేది కాదు. "బాగానే ఉన్నావుగా" అనేవాళ్లు. రాత్రంతా నిద్రలేదని చెప్పినా మొహంలో నీరసం తప్ప వాళ్లకి కనిపించేదేమీ లేదు. ఈ జబ్బుతో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఇక ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. పురుగు ముట్టిందన్నారు, పసరు రాయించారు. కంబళితో రుద్దితే దిగిపోతాయన్నారు. రుద్దినచోటల్లా గీతలు గీతలుగా ఇంకా లేచాయి. పైత్యం అన్నారు. మా అత్తయ్య నా మీద ప్రేమతోనే పథ్యం పెట్టింది. ముందు వంకాయ, గోంగూర మానిపించింది. తర్వాత రొయ్యలు, ఎండుచేపలు, గుడ్లు పోయాయి. పనస తొనలు ఇంట్లో గుమగుమలాడుతుంటే నాకు చారన్నం, మజ్జిగ. కొన్నాళ్లకి మజ్జిగ కూడా అనుమానంలో పడింది. బరువు తగ్గాను, దద్దుర్లు తగ్గలేదు. ఎవరో "పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోకు, అంటుకుంటాయి" అన్నారు. మా చిన్నది నా దగ్గరికి రావడానికి జంకడం చూసి ఏడుపొచ్చింది. దద్దుర్లు అంటువ్యాధి కాదు. ఒకరి నుంచి ఇంకొకరికి రావు. ఈ ఒక్క మాటా ప్రతి ఇంట్లోనూ తెలియాలి.

ఊళ్లో సూది వేయించుకుంటే ఆ రాత్రి హాయిగా నిద్రపట్టేది. అందులో అవిల్, దానితో పాటు స్టెరాయిడ్ ఉండేదని తర్వాత తెలిసింది. అవిల్ పాతతరం మందు, మగత బాగా ఉంటుంది, మర్నాడు బోర్డు మీద అక్షరాలు ఆనేవి కావు. స్టెరాయిడ్ దద్దుర్లని వెంటనే అణిచేస్తుంది. మందు దిగిపోగానే అవి రెట్టింపై వచ్చేవి. నా మొహం ఉబ్బడం మొదలైంది. ఉధృతి మరీ ఎక్కువగా ఉంటే డాక్టరు చూసి కొద్దిరోజులు, మహా అయితే పది రోజుల లోపు, స్టెరాయిడ్ ఇవ్వడం వైద్యంలో ఉన్నదే. నెలల తరబడి ఇస్తే సుగరు, బీపీ, ఎముకలు, కంటి శుక్లాలు, అన్నీ వెంటపడతాయి.

ఒకరోజు పొద్దున్న పై పెదవి ఉబ్బి ముక్కుకి తగిలేలా అయ్యింది. ఒక కన్ను మూసుకుపోయింది. మా ఆయన ఇంకేం ఆలోచించకుండా కారు మాట్లాడి శ్రీకాకుళం తీసుకెళ్లారు. హైవే మీద పలాస, టెక్కలి, నరసన్నపేట దాటుతుంటే ఆయన అడిగిందే అడుగుతున్నారు, "ఊపిరి ఆడుతోందా?" అని. ఆడుతోంది. చర్మవైద్యురాలు మొదట అడిగిందీ అదే. ఊపిరి అందడం లేదా, గొంతు బిగుసుకుందా, కళ్లు తిరుగుతున్నాయా, వాంతులున్నాయా? ఇవి ఉంటే అది వేరే దారి, నిమిషాల మీద ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిందే. ఉత్త పెదవులో కనురెప్పలో ఉబ్బడాన్ని యాంజియోఎడీమా అంటారని, దీర్ఘకాలపు దద్దుర్లున్నవాళ్లలో చాలామందికి వస్తుందని, చూడటానికి భయంగా ఉన్నా ఒకట్రెండు రోజుల్లో దిగుతుందని చెప్పారు.

ఆవిడ వెంటనే మందు రాసి పంపించే రకం కాదు. బాల్‌పెన్ తీసి నా ముంజేతి మీద అప్పుడే లేచిన దద్దు చుట్టూ గీత గీశారు. పక్కనే టైము వేశారు. "టీచర్ గారూ, రేపు ఇదే టైముకి ఆ గీత లోపల చూడండి. దద్దు అక్కడే ఉందా, పోయిందా, పోతే మచ్చ మిగిలిందా, నొప్పి ఉందా అన్నది నాకు ఫోన్ చేసి చెప్పండి" అన్నారు. మామూలు దద్దు ఒకచోట 24 గంటలు మించి ఉండదట. మించి ఉండి, దురద కన్నా నొప్పి ఎక్కువై, కమిలినట్టు మచ్చ వదిలితే రక్తనాళాల వాపు అని అనుమానించి చర్మం ముక్క తీసి పరీక్షకి పంపాలి. మర్నాడు నా చేతి మీద నీలం గీత ఉంది, లోపల చర్మం శుభ్రంగా ఉంది. ఖరీదైన పరీక్షలెన్నో చేయించుకోవాల్సి వస్తుందని భయపడుతూ వెళ్లిన నాకు ఆ పెన్నుగీత పరీక్ష భలే నచ్చింది.

ఆరు వారాలు దాటి రోజూనో, రోజు విడిచి రోజో వస్తుంటే దాన్ని క్రానిక్ అర్టికేరియా అంటారు. చలిగాలికో, చెమటకో, ఒత్తిడికో, గోకుడికో కచ్చితంగా వచ్చే రకాలు కొన్ని. ఏ ప్రేరణా లేకుండా దానంతట అదే వచ్చే రకం స్పాంటేనియస్. నాది ప్రధానంగా ఇదే. బొందు బిగిసినచోట, రుద్దినచోట లేచేవి దీనికి తోడు. నూటికి ఒకరికి అటూ ఇటుగా ఈ జబ్బు ఉంటుందని, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో రెట్టింపు అని విన్నాక, ఇన్నాళ్లూ లోకంలో నాకొక్కదానికే వచ్చినట్టు కుమిలిపోయిన మనసు కాస్త తేలికపడింది.

"ఏం తింటే వస్తోందండీ?" అని అడిగాను. నెలల తరబడి మా ఇల్లంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆవిడ చెప్పింది వింటే మా అత్తయ్య కూడా ఒప్పుకుంది. తిండి వల్ల వచ్చే అలర్జీ అయితే తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో వస్తుంది, ఆ వస్తువు తిన్న ప్రతిసారీ వస్తుంది. ఏం తిన్నా తినకపోయినా సాయంత్రమయ్యేసరికి వచ్చేదాన్ని వంకాయ మీదకి తోయకూడదు. మన చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి, వాటి నిండా హిస్టమిన్ అనే రసాయనం నిలవ ఉంటుంది. చాలామందిలో శరీరం తన మీద తానే తయారుచేసుకున్న యాంటీబాడీలు వెళ్లి ఆ కణాలని రెచ్చగొడతాయి, హిస్టమిన్ బయటపడుతుంది, సన్న రక్తనాళాల నుంచి నీరు కారి చర్మం ఉబ్బుతుంది, దురద పుడుతుంది. అంటే గొడవ వంటింట్లో లేదు, రోగనిరోధక వ్యవస్థలో ఉంది. వందల పదార్థాలకి ఒకేసారి చేసే అలర్జీ ప్యానెల్ రక్తపరీక్ష చేయించమని ఒకాయన గట్టిగా చెప్పి ఉన్నారు. ఈ రకం దద్దుర్లకి అది అక్కరకు రాదని, అందులో వచ్చే పాజిటివ్‌లు చూసి జనం అనవసరంగా తిండి మానేస్తారని డాక్టరు గారు వద్దన్నారు. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ, ఒంట్లో వాపుని చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, థైరాయిడ్, థైరాయిడ్ యాంటీబాడీ, అలర్జీల్లో పాత్ర ఉన్న ఐజీఈ అనే యాంటీబాడీ మొత్తం, వీటితో సరిపెట్టారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా రాశారు. మా నాన్న కిడ్నీ జబ్బుతో పోయారని నేను చెప్పడం వల్ల రాసింది అది.

ఆ రోజే రొయ్యలు, వంకాయ కూరలోకి తిరిగొచ్చాయి. దద్దుర్లు వాటివల్ల పెరగలేదు.

మాత్రల దగ్గర నాకు తెలియని సంగతి ఒకటుంది. దురద వచ్చినప్పుడు వేసుకుని, తగ్గగానే ఆపేసే మందు కాదది. దద్దు లేచాక వేసుకుంటే హిస్టమిన్ అప్పటికే తన పని చేసేసి ఉంటుంది. ముందే వెళ్లి కూర్చోవాలి మందు. సంత బస్సులో మనం సీటు మీద తువ్వాలు వేసినట్టు, హిస్టమిన్ కూర్చునే చోట మాత్ర ముందే కూర్చుంటే అది నిలబడే వెళ్లిపోతుంది. అందుకని వచ్చినా రాకపోయినా రోజూ ఒకే వేళకి. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్, బిలాస్టిన్, ఇవన్నీ రెండో తరం యాంటీహిస్టమిన్లు, పాతవాటి కన్నా మగత బాగా తక్కువ. నాకు బిలాస్టిన్ 20 మిల్లీగ్రాములు రాశారు. తిండికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకోవాలి, పళ్లరసంతో వేసుకోకూడదు. బడి హడావిడిలో తెల్లవారగట్ల పొయ్యి వెలిగించకముందే వేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

రెండు నుంచి నాలుగు వారాల్లో అదుపులోకి రాకపోతే అదే మందుని నాలుగింతల దాకా పెంచవచ్చని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. రోజుకి నాలుగు మాత్రలంటే మా ఆయన కంగారుపడ్డారు. క్రియాటినిన్ మామూలుగా ఉందని చూశాకే డాక్టరు గారు పెంచారు, అదీ మెల్లగా. ఇక్కడ మా ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ మాత్రల్లో కొన్ని, ముఖ్యంగా సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, చాలావరకు కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి డోసు తగ్గించి ఇవ్వాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పక్క ఎన్నో ఇళ్లలో క్రియాటినిన్ పెరిగినా తెలియకుండా తిరుగుతున్నవాళ్లున్నారు. వాళ్లు మందుల షాపులో అడిగి మాత్రలు పెంచుకోవడం మంచిది కాదు.

ఇంకో మందుల షాపు సంగతి. పంటి నొప్పికి ఒక డైక్లోఫెనాక్ వేసుకున్న రాత్రి నా ఒళ్లంతా ఒక్కటే దద్దు అయ్యింది. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు కొందరిలో దద్దుర్లని రేపుతాయి. అవే మాత్రలు కిడ్నీలకీ చేటు. ఉద్దానంలో పొలం పని చేసి వచ్చి ఒళ్లునొప్పులకి చాక్లెట్లలా నొప్పిమాత్రలు మింగే అలవాటు చూస్తూ పెరిగినదాన్ని. నొప్పికి పారాసెటమాల్ అడగండి, మిగతాది డాక్టరు చెబితేనే.

డాక్టరు గారు ఒక నోటుబుక్కు పెట్టమన్నారు. రోజూ రాత్రి రెండు అంకెలు వేయాలి. దద్దుర్లు లేకపోతే 0, 20 లోపు ఉంటే 1, 50 దాకా ఉంటే 2, అంతకు మించినా, కలిసిపోయి పెద్ద పెద్ద మేరలు ఉబ్బినా 3. దురదకి అలాగే 0 నుంచి 3. ఏడు రోజులవి కూడితే ఎంత ఎక్కువైనా 42. నా మొదటి వారాలు ముప్పైకి పైనే. మాత్రలు నాలుగింతలు చేశాక ఇరవైల్లోకి దిగి అక్కడే ఆగిపోయింది. ఈ లెక్క లేకపోతే "కొంచెం పర్లేదండి" అని చెప్పి వచ్చేసేదాన్నేమో. అంకెలు చూశాక ఆవిడే అన్నారు, "ఇది పర్లేదు కాదు టీచర్ గారూ. తరువాతి మెట్టు ఎక్కాలి."

తరువాతి మెట్టు ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్. దానికీ లొంగకపోతే రోగనిరోధక వ్యవస్థని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు. మొదటిది 2003లో అమెరికాలో ఆస్తమాకి వచ్చింది, 2014లో దద్దుర్లకి అనుమతి పొందింది. నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు, చర్మం కింద. ఒంట్లోని ఐజీఈని పట్టుకుని మాస్ట్ కణాల దాకా పోనివ్వదు. చిక్కల్లా ఖరీదు. సైక్లోస్పోరిన్ దానికన్నా చవక, మా జిల్లాలో దొరకడం కూడా తేలిక. నా రిపోర్టుల్లో ఇంకో మెలిక ఉంది. ఐజీఈ బాగా తక్కువ, థైరాయిడ్ యాంటీబాడీ ఎక్కువ. అలాంటివాళ్లకి ఒమాలిజుమాబ్ నిదానంగా పనిచేయవచ్చు, ఒక్కోసారి చేయకపోవచ్చు. సైక్లోస్పోరిన్‌కి తొందరగా లొంగే అవకాశం ఉంది. అన్నీ విప్పి చెప్పి, మా ఇద్దరినీ ఆలోచించుకోమన్నారు.

అయితే సైక్లోస్పోరిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది, బీపీ పెంచుతుంది. కిలో బరువుకి రోజుకి 3 నుంచి 5 మిల్లీగ్రాములు ఇస్తూ క్రియాటినిన్, బీపీ మాటిమాటికీ చూసుకోవాలి. వేరే ప్రాంతం మనిషికి ఇది జాగ్రత్తగా నడుపుకోదగ్గ మందే. నేను ఉద్దానం మనిషిని. మా నాన్న బీడీ కూడా కాల్చలేదు, సుగరు లేదు. కొబ్బరితోటలో పనిచేసుకునే మనిషి నలభై దాటగానే కాళ్లు వాచి, చివరి సంవత్సరాలు డయాలసిస్ మంచం మీదే గడిపారు. మా పెదనాన్నదీ అదే దారి. ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో తాగునీళ్లు వచ్చాయి. మా నాన్న వాటిని చూడకుండానే పోయారు. కారణం తెలియని ముప్పు రక్తంలో ఉందో, నీళ్లలో ఉందో తెలియనప్పుడు, దురద తగ్గించుకోవడానికి కిడ్నీల మీద ఇంకో బరువు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మా ఆయన ఒక్క మాటే అన్నారు, "డబ్బులు చూద్దాంలే, కిడ్నీలు చూడలేం." డాక్టరు గారు కూడా నా స్థానంలో ఉంటే అదే ఎంచుకుంటానన్నారు. ఒమాలిజుమాబ్‌కే వెళ్లాం. అసలు బ్రాండు కన్నా మన దేశంలో తయారైన, దాన్ని పోలిన మందు (బయోసిమిలర్) కాస్త అందుబాటు ధరలో ఉంది. అయినా ప్రతి నెలా నా జీతంలో పెద్ద భాగమే పోయింది.

సంక్రాంతి వెళ్లాక మొదటి డోసు. మందు విశాఖ నుంచి ఐసు పెట్టెలో తెప్పించారు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చిన్న గాజు సీసాలో అడుగున తెల్లటి పొడి. నర్సమ్మ అందులోకి నీరు ఎక్కించి, కుదపకుండా రెండు వేళ్లతో మెల్లగా తిప్పుతూ కూర్చుంది. తొందరగా కరగదు, కుదిపితే నురగ వచ్చి పాడవుతుంది. చాలాసేపు అలా తిప్పి వెలుతురుకెత్తి చూసింది, మళ్లీ తిప్పింది. అంత ఓపికగా నా కోసం ఒకరు మందు కలపడం చూస్తుంటే కళ్లు చెమర్చాయి. చిక్కటి మందు, రెండు చేతులకీ చెరోటి. తర్వాత రెండు గంటలు అక్కడే కూర్చోబెట్టారు. అరుదుగా ఈ ఇంజెక్షన్‌కే తీవ్రమైన అలర్జీ రావచ్చు, అందుకని మొదటి డోసులప్పుడు ఆ కాపలా తప్పనిసరి.

కొందరికి వారంలోనే తగ్గిపోతుందట. నాకు తగ్గలేదు. మొదటి నెల అంకెలు అలాగే ఉన్నాయి. రెండో నెల చివర ఇరవై కన్నా కిందికి దిగింది. మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా, "అంత డబ్బు పోసి ఏటే లాభం" అని బాధపడేది. ఐజీఈ తక్కువ ఉన్నవాళ్లకి ఆరు నెలల దాకా చూసి కాని తీర్పు చెప్పకూడదని డాక్టరు గారు ముందే చెప్పడం వల్ల నిలబడగలిగాను. వేసవి సెలవుల్లో, జీడి పిక్కలు మళ్లీ ఎండబెడుతున్న రోజుల్లో, రాత్రిళ్లు మెలకువ రావడం తగ్గింది. పెదవి ఉబ్బడం పూర్తిగా ఆగింది. బడులు తెరిచే వేళకి నోటుబుక్కులో ఒక వారం అన్నీ సున్నాలు పడ్డాయి. ఆ పేజీని మా చిన్నదానికి చూపించాను. దానికి లెక్క అర్థం కాలేదు కాని, ఆ రాత్రి వచ్చి నా పక్కలో పడుకుంది.

ఇప్పుడు ఇంజెక్షన్ ఎడం పెంచుతున్నారు, నాలుగు వారాలది ఆరు వారాలకి జరిగింది. మాత్ర రోజుకొకటి. ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకుంటున్నాను, అది దద్దుర్ల కోసం కాదు, ఉద్దానం కోసం. చాలామందికి ఈ జబ్బు కొన్నేళ్లకి దానంతట అదే సద్దుమణుగుతుంది. మందులు దాన్ని ఆ లోపల అదుపులో ఉంచుతాయే కాని వేళ్లతో పెకలించవు. ఆపాక తిరగబెడితే మళ్లీ అదే ఇంజెక్షన్ మొదలుపెట్టవచ్చని, రెండోసారి కూడా సాధారణంగా పనిచేస్తుందని చెప్పారు. 2025లో అమెరికాలో ఈ జబ్బుకి ఇంకో రెండు మందులకి అనుమతి వచ్చింది, ఏప్రిల్‌లో డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్, సెప్టెంబరులో రెమిబ్రూటినిబ్ అనే మాత్ర. అవి మాబోటివాళ్ల చేతికందే ధరకి వస్తే సైక్లోస్పోరిన్ తీసుకోలేని కిడ్నీ రోగులకి కూడా ఒక దారి దొరుకుతుందని నా ఆశ. వచ్చే దసరాకి ఎనిమిది వారాల ఎడం పెట్టి చూద్దామన్నారు డాక్టరు గారు. అప్పటిదాకా అంకెలు వేస్తూనే ఉంటాను.